వేలికొసల విద్య

సంగీత వాద్యాలలో గిటారంత సులువుగా ఇంట అడుగుపెట్టేదీ, గిటారంత త్వరగా మూలకు చేరేదీ బహుశా మరొకటి ఉండదు. పుట్టినరోజు కానుకగానో, పరీక్షలో నెగ్గినందుకు బహుమతిగానో, మొదటి జీతపు ముచ్చటగానో అది వస్తుంది. మొదటి వారం ఇల్లంతా దాని మోతే. రెండవ వారానికి వేలికొసలు మండుతాయి. నెల తిరిగేసరికి పాట నడుస్తూ నడుస్తూ ఎప్పుడూ ఒకేచోట తెగిపోతుంది. మూడవ నెలలో ఏదో ఒక సాయంత్రం గిటారు గోడమేకుకు ఎక్కుతుంది. దానితోబాటు, "మన చేతికి సంగీతం అబ్బదు" అనే తీర్పు కూడా ఆ ఇంట స్థిరపడిపోతుంది.

గిటారు మూలపడడం పెద్ద నష్టం కాదు. దుమ్ము దులిపి తీగలు మారిస్తే మళ్లీ మోగుతుంది. తీర్పు స్థిరపడడమే నష్టం. పదహారేళ్ల వయసులో తన చేతిపై తానే ఇచ్చుకున్న ఆ తీర్పును మనిషి అరవై ఏళ్ల దాకా మోస్తాడు. మరే వాద్యాన్నీ ముట్టుకోవడానికి సాహసించడు. అయితే ఆ తీర్పుకు దారితీసిన సాక్ష్యాన్ని పరిశీలిస్తే అందులో ప్రతిభకు సంబంధించినది బహు స్వల్పం. వాద్యం సరిగా అమరి ఉండకపోవడం, చర్మం గట్టిపడడానికి వ్యవధి ఇవ్వకపోవడం, నెమ్మదిగా చేయవలసిన పనిని తొందరగా చేయబోవడం - ఆరంభకుల ఓటమి వెనుక తరచుగా కనిపించే కారణాలు ఈ మూడు. మూడూ దిద్దుకోదగినవే.

మొదటి పరీక్ష వాద్యానికి

మన దేశంలో గిటారు అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒడిలో వెల్లకిల పడుకోబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించేది హవాయి గిటారు. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో పందొమ్మిదవ శతాబ్దం చివర పుట్టిన ఈ పద్ధతి, 1940లలో కలకత్తాలో నివసించిన టావ్ మో వంటి హవాయి కళాకారుల మూలంగా మన నేలపై వేళ్లూనింది. కడ్డీ జారుడులో గమకం సహజంగా పలుకుతుంది గనుక హిందూస్తానీ సంగీతం ఆ వాద్యాన్ని తనలో కలుపుకొన్నది. శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి బ్రిజ్ భూషణ్ కాబ్రా 1967లో వెలువరించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు దానిని దేశమంతటికీ వినిపించింది. విశ్వమోహన్ భట్ దానికి అదనపు తీగలు కూర్చి మోహనవీణగా మలచి, 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నారు.

రెండవది స్పానిష్ గిటారు. వీణకు ఉన్నట్లే దీని దండి మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి. ఎడమచేతి వేళ్లతో తీగలను మెట్ల మధ్య అదిమి, కుడిచేతితో మీటి వాయిస్తారు. నేడు యువతీయువకులు కోరుకునేది ఎక్కువగా ఇదే. ఇక్కడ ప్రస్తావించేదీ దీని అభ్యాసమే.

ఇందులోనూ రెండు తెగలు. నైలాన్ తీగలది క్లాసికల్ గిటారు. దీని ఆకారాన్నీ, కొలతలనూ నేడు చూస్తున్న రూపంలో స్థిరపరచిన ఘనత స్పెయిన్ దేశపు వాద్యశిల్పి అంటోనియో డి టోరెస్ (1817-1892)కు చెందుతుంది. ఆ రోజుల్లో తీగలను జంతువుల పేగులతో చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పేగు తీగలకు కరవు రాగా, న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు తయారుచేశాడు, అవే నిలిచాయి. ఉక్కు తీగల గిటారు అమెరికాలో పెరిగి పెద్దదయింది. పాట వెంట జలజలమని మోగేది సాధారణంగా ఇదే. నైలాన్ తీగలు ఆరూ కలిసి దండిని సుమారు 40 కిలోల బలంతో లాగితే, ఉక్కు తీగల లాగుడు 70 కిలోల దాకా ఉంటుంది. కనుక నైలాన్ వేళ్లకు మెత్తన. కాని దాని దండి వెడల్పు, చిన్న చేతులకు కొంత ఇబ్బంది. ఏది మేలు అనే ప్రశ్నకు ఒకటే జవాబు: ఏ ధ్వని విని నేర్చుకోవాలన్న కోరిక పుట్టిందో అది. పసిపిల్లలకైతే పెద్దల గిటారు ఇవ్వరాదు. ముప్పాతిక, అర పరిమాణాలలో వారికి వేరే గిటార్లు దొరుకుతాయి.

కొనేటప్పుడు రంగుకన్నా, నగిషీకన్నా చూడవలసినది తీగ ఎత్తు. పన్నెండవ మెట్టు దగ్గర మెట్టుకూ తీగకూ మధ్య ఎడం ఉక్కు తీగల గిటారులో రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి అనుకూలం. నైలాన్ గిటారులో మూడు నుంచి నాలుగు దాకా ఉండవచ్చు. అయిదారు మిల్లీమీటర్ల ఎత్తున తీగలు నిలబడిన చవకరకం గిటారు మీద నిపుణుడి వేళ్లు కూడా నొస్తాయి. ఆరంభకుడి సంగతి చెప్పనక్కరలేదు. తీగ ఎత్తును దించడం మరమ్మతు తెలిసిన పనివానికి పెద్ద పని కాదు. ఆ చిన్న ఖర్చుకు వెనుకాడి, లోపం తన వేళ్లదే అనుకొని సాధన మానుకున్నవారు ఎందరో.

మరొక పరీక్ష చెవితో చేయవలసినది. పన్నెండవ మెట్టు సరిగ్గా తీగకు నడిమధ్య ఉంటుంది. అక్కడ తీగను అదమక, వేలితో తాకీ తాకనట్లు తాకి మీటితే ఒక సన్నని తారధ్వని వస్తుంది. అదే మెట్టు దగ్గర అదిమి మీటినా అదే శ్రుతి రావాలి. రెండింటికీ తేడా ఉంటే ఆ గిటారు శ్రుతి చేసినా నిలకడగా పలకదు.

వానకాలంలో మన దేశపు గాలిలోని తేమకు చెక్క ఉబ్బి తీగ ఎత్తు మారుతుంది. సముద్రతీరపు ఊళ్లలో ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన తరువాత పొడిగుడ్డతో తీగలను తుడిచి, గిటారును పెట్టెలో భద్రపరచడం మంచి అలవాటు. ఎండ పడే కిటికీ పక్కనా, తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులోనా దానిని విడిచిపెట్టరాదు.

శ్రుతి చేయడం ఒక పాఠం

గిటారుకు ఆరు తీగలు. లావు తీగను ఆరవదిగా, సన్నని దానిని మొదటిదిగా లెక్కిస్తారు. లావు తీగ నుంచి వరుసగా వాటి శ్రుతులు ఇ, ఏ, డి, జి, బి, ఇ. సెకనుకు ఇంచుమించు 82, 110, 147, 196, 247, 330 కంపనాలు. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్వరస్థానం. పన్నెండు మెట్లు ఎక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. షడ్జమం నుంచి తారషడ్జమం వరకు పన్నెండు స్వరస్థానాలని ఎరిగినవారికి ఈ లెక్క కొత్తగా తోచదు.

నేడు మొబైల్ ఫోనులో శ్రుతి చూపే సాధనం ఉచితంగా దొరుకుతుంది. మొదటి రోజులలో దానిని వాడుకోవడంలో తప్పులేదు. కాని చెవికీ పని చెప్పాలి. ఆరవ తీగను అయిదవ మెట్టు వద్ద అదిమితే వచ్చే ధ్వనే అయిదవ తీగ వట్టి ధ్వని. అదే విధంగా అయిదవ తీగతో నాల్గవదీ, నాల్గవదానితో మూడవదీ శ్రుతి చేయవచ్చు. మూడవ తీగను మాత్రం నాల్గవ మెట్టు వద్ద అదిమి రెండవ తీగను కలపాలి. తిరిగి రెండవదానిని అయిదవ మెట్టు వద్ద అదిమి మొదటిదానిని కలపాలి. ముందు చెవితో కలిపి, తరువాత ఫోనుతో సరిచూసుకుంటే కొన్ని వారాలలో చెవికి పదును వస్తుంది. శ్రుతి తప్పిన గిటారు మీద ఎంత శుద్ధంగా వాయించినా వినడానికి తప్పుగానే ఉంటుంది. ఆ తప్పు వేళ్లదని భ్రమపడి నిరాశ చెందేవారున్నారు.

చర్మం గట్టిపడే దాకా

వేలికొసల నొప్పి గురించి ముందే చెప్పి ఉంచడం న్యాయం. ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలు తొలి రెండు మూడు వారాలు మండుతాయి. తీగ గుర్తులు గాట్ల వలె పడతాయి. ఆ తరువాత అక్కడి చర్మం కాయ కాచి గట్టిపడుతుంది. నొప్పి దానంతటదే పోతుంది. నాగలి పట్టిన చేతికీ, మగ్గం నేసిన చేతికీ జరిగేది ఇదే. దీనికి అడ్డదారి లేదు. కాని తెలివైన దారి ఉన్నది. ఆదివారం నాడు మూడు గంటలు వాయించి, వారమంతా వేళ్లకు సెలవివ్వడం కన్నా రోజుకు పది నిమిషాల చొప్పున రెండుమార్లు వాయించడం మేలు. చర్మం పొక్కితే ఆ రోజుకు ఆపాలి. నీళ్లలో నానిన వేళ్లతో వాయించరాదు. ఎడమచేతి గోళ్లు పొట్టిగా ఉండాలి.

చాలామంది అవసరానికి మించి అదుముతారు. ఎంత బలం చాలునో తెలుసుకోవడానికి ఒక సులభమైన ఉపాయం ఉంది. వేలిని తీగపై ఊరకే ఆనించి మీటాలి, ధ్వని రాదు. కొంచెం కొంచెంగా బలం పెంచుతూ మీటుతూ పోతే ముందు తీగ బుర్రుమంటుంది, ఆ వెనుక స్పష్టంగా పలుకుతుంది. స్పష్టంగా పలికిన ఆ తొలి క్షణంలో ఉన్న బలమే కావలసినది. అంతకు మించినదంతా వృథా శ్రమ. వేలిని మెట్టుకు దగ్గరగా, వెనుక పక్కన ఉంచితే ఆ బలం ఇంకా తగ్గుతుంది. మెట్టు నెత్తిన పెట్టినా, మెట్టుకు దూరంగా పెట్టినా ధ్వని మసకబారుతుంది. బొటనవేలు దండి వెనుక, నడిమివేలికి ఎదురుగా ఆనాలి. దండిని పిడికిలితో పట్టుకోవడం కాదు.

చేతులు లేని కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. వేళ్లను చూడడానికని గిటారును పైకి తిప్పి వంగడం ఆరంభకులకు సహజం; దానివల్ల మణికట్టు మెలిపడుతుంది. ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. వేలికొస చర్మం మంట పెట్టడం అభ్యాసంలో భాగం. మణికట్టులోనో, మోచేతిలోనో నొప్పి పుట్టినా, వేళ్లు తిమ్మిరెక్కినా అది హెచ్చరిక. వెంటనే ఆపి కూర్చునే తీరును సరిచూసుకోవాలి. తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

కార్డ్ కాదు, మార్పు

కార్డ్ అంటే వేర్వేరు స్వరాలను - సాధారణంగా మూడు గాని అంతకు మించి గాని - ఒక్కుమ్మడిగా పలికించడం. మన సంగీతంలో స్వరం వెంట స్వరం నడుస్తుంది; గిటారులో స్వరాలు గుంపుగా నిలిచి, పైన సాగే పాటకు నేలగా అమరుతాయి. ఇ మైనర్, ఏ మైనర్, సి, జి, డి అనే అయిదు కార్డ్‌లతో వందలాది పాటలకు తోడు వాయించవచ్చు. వాటిలో ఇ మైనర్‌కు రెండే వేళ్లు చాలు: అయిదవ, నాల్గవ తీగలను రెండవ మెట్టు వద్ద అదిమితే ఆరు తీగలూ మోగుతాయి.

కార్డ్ పట్టడం ఒక రోజులో వస్తుంది. పట్టిన తరువాత ఆరు తీగలనూ ఒక్కసారి గీరి సరిపెట్టుకోక, ఒక్కొక్క తీగనూ విడివిడిగా మీటి చూడాలి. ఏదైనా మూగపోతే కారణం మూడింటిలో ఒకటి: వేలు మెట్టుకు దూరంగా ఉన్నది, బలం చాలలేదు, లేదా పక్క వేలు ఆ తీగకు తగులుతున్నది. మూడవదే తరచు జరిగేది. వేలి కణుపులు విల్లులా వంగి, కొస నిటారుగా దిగితే అది తొలగుతుంది.

అయితే పాట తెగేది కార్డ్ దగ్గర కాదు, ఒక కార్డ్ నుంచి మరొకదానికి మారేచోట. ఆరంభకుడు కార్డ్‌లను బొమ్మల వలె కంఠస్థం చేస్తాడు. వాటి మధ్య దారిని మాత్రం సాధన చేయడు. సి నుంచి ఏ మైనర్‌కు పోవడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. సి కార్డ్‌లో చూపుడువేలు రెండవ తీగ మొదటి మెట్టు వద్దా, నడిమివేలు నాల్గవ తీగ రెండవ మెట్టు వద్దా, ఉంగరపువేలు అయిదవ తీగ మూడవ మెట్టు వద్దా ఉంటాయి. ఏ మైనర్‌లో చూపుడువేలూ నడిమివేలూ ఉన్నచోటనే ఉంటాయి. ఉంగరపువేలు ఒక్కటే మూడవ తీగ రెండవ మెట్టుకు వస్తుంది. ఇది గమనించనివాడు మూడు వేళ్లనూ ఎత్తి, గాలిలో వెతికి, మళ్లీ మూడింటినీ దించుతాడు. గమనించినవాడు ఒక్క వేలిని కదుపుతాడు. ప్రతి జత కార్డ్‌ల మధ్యా ఏ వేలు నిలిచి ఉంటుంది, ఏది జారుతుంది, ఏది ఎగురుతుంది అని చూసుకోవడమే ఈ విద్యలో తెలివి.

దీనికి కొలత కూడా ఉన్నది. గడియారం ముందు పెట్టుకొని, ఒక్క నిమిషంలో రెండు కార్డ్‌ల మధ్య ఎన్నిసార్లు స్పష్టంగా మారగలరో లెక్కించి పుస్తకంలో రాసుకోవాలి. మొదటి రోజు పది దాటకపోవచ్చు. ముప్పై దాటితే నెమ్మది పాట సాగుతుంది; అరవై చేరితే ఆ మార్పు చేతి సొత్తయినట్లే. పుస్తకంలో పెరిగే ఆ అంకెలు, అభివృద్ధి చెవికి తెలియని రోజులలో కంటికి ధైర్యం చెబుతాయి.

అయిదు కార్డ్‌ల తరువాత దారిలో ఒక గండి ఉంది. దాని పేరు ఎఫ్. చూపుడువేలిని దండికి అడ్డంగా పరచి ఆరు తీగలనూ అదమవలసిన కార్డ్ అది. ఎందరో ఇక్కడ ఆగిపోతారు. ఆగవలసిన పనిలేదు. పై నాలుగు తీగలతోనే పలికే చిన్న ఎఫ్‌తో పాట సాగనిచ్చి, పూర్తి ఎఫ్‌ను రోజుకు రెండు నిమిషాల చొప్పున వేరుగా సాధన చేయవచ్చు. చూపుడువేలిని కొద్దిగా పక్కకు ఒరిగిస్తే, మెత్తని కండకు బదులు గట్టి అంచు తీగలపై పడి పని సులువవుతుంది.

మూడు కాలాల సూత్రం

నెమ్మదిగా వాయించడమంటే పిల్లల పని అని చాలామందికి చిన్నచూపు. సంగీత సంప్రదాయాలు మాత్రం అలా అనుకోలేదు. పురందరదాసు ఏర్పరచినవని పెద్దలు చెప్పే సరళీ వరుసలను కర్ణాటక సంగీత విద్యార్థి మొదటి కాలంలో పాడి, స్థిరపడిన తరువాతనే రెండవ, మూడవ కాలాలకు వెళతాడు. తాళం మారదు, దానిలో ఇమిడే స్వరాలు రెట్టింపవుతాయి. గిటారు విద్యార్థికి ఇంతకన్నా మంచి సూత్రం లేదు. నిమిషానికి అరవై దెబ్బల తాళం పెట్టుకొని, దెబ్బకొక స్వరం తప్పు లేకుండా పలికితేనే దెబ్బకు రెండు; అవి తప్పు లేకుండా పలికితేనే నాలుగు. తప్పు దొర్లిన వేగం చేతికి ఇంకా రాని వేగమే. ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కాలి.

పాశ్చాత్యుల దారి కూడా ఇదే. ఇటలీలో పుట్టి వియన్నాలో పేరు పొందిన గిటారు విద్వాంసుడు మౌరో జూలియాని (1781-1829) కుడిచేతి కోసం 120 అభ్యాసాలు రచించాడు. 1812లో వెలువడిన ఆ గ్రంథం నేటికీ పాఠశాలలలో వాడుకలో ఉన్నది. ఆ 120 అభ్యాసాలకూ ఎడమచేతికి ఇచ్చిన పని రెండే రెండు కార్డ్‌లు. ఎడమచేతికి తీరిక ఇచ్చి, కుడిచేతిని ఒక్కదానినే నూట ఇరవై విధాల తీర్చిదిద్దడం ఆయన పద్ధతి. ఒకసారికి ఒకటే కష్టం - ఇందులోని నీతి అదే.

పాటకు తోడు గీరేటప్పుడు కుడిచేయి గడియారపు లోలకం వలె కిందికీ పైకీ ఆగకుండా ఆడాలి. తీగలను తాకవలసిన చోట తాకుతుంది, అక్కరలేని చోట తాకక పోతుంది. ఆడడం మాత్రం ఆగదు. లయ తప్పడానికి మూలం, తాకనప్పుడు చేయి ఆగిపోవడమే. కార్డ్ మారడం ఆలస్యమైనా కుడిచేయి ఆగరాదు. వినేవారు తప్పిన స్వరాన్ని క్షమిస్తారు. తెగిన తాళాన్ని క్షమించరు.

నిద్రలో సాగే సాధన

చేయి నేర్చుకోవడం వెనుక మెదడులో జరిగే మార్పును శాస్త్రజ్ఞులు కొంతవరకు కొలిచారు. జర్మనీ పరిశోధకులు 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తొమ్మిదిమంది తంత్రీవాద్య కళాకారులను పరీక్షించారు. వారిలో ఒకరు గిటారు వాద్యకారులు. ఎడమచేతి వేళ్ల స్పర్శను గ్రహించే మెదడు భాగం వారిలో ఇతరులకన్నా ఎక్కువ విస్తరించి కనిపించింది. చిన్ననాటనే ఆరంభించినవారిలో ఈ విస్తరణ మరింత హెచ్చు. పెద్ద వయసు చేతికి విద్య అబ్బదని దీని అర్థం కాదు. వాడిన వేళ్లకు మెదడు చోటిస్తుందని అర్థం.

2002లో అమెరికాలో జరిగిన మరొక ప్రయోగం ఆరంభకులకు మరింత ఉపయోగకరమైనది. వేళ్లతో ఒక వరుసను త్వరత్వరగా నొక్కడం కొందరికి నేర్పారు. మళ్లీ సాధన ఏదీ లేకుండానే, ఒక రాత్రి నిద్ర తరువాత వారి వేగం సుమారు 20 శాతం పెరిగింది. నిద్ర లేకుండా పగటిపూట అంతే సమయం గడిపినవారిలో అంతటి వృద్ధి కనిపించలేదు. రాత్రి ఎంతకూ లొంగని కార్డ్ మార్పు తెల్లవారి సులువుగా రావడం గిటారు విద్యార్థులందరికీ అనుభవమే. కనుక లొంగని చోట గంటసేపు కుస్తీ పట్టి అలసి విసిగిపోవడం కన్నా, నెమ్మదిగా పదిసార్లు సరిగ్గా వాయించి నిద్రకు అప్పగించడం వివేకం. ఒక షరతు: తప్పుగా వాయించినదాన్ని కూడా చేయి అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

1893లో పుట్టిన ఇద్దరు

వయసూ, అవకాశమూ లేవని వెనుకాడేవారు ఇద్దరి జీవితాలను తెలుసుకోవాలి. ఇద్దరూ 1893లో పుట్టారు. ఇద్దరూ 1987 జూన్‌లో మరణించారు. ఇద్దరూ చాలవరకు తమకు తామే గురువులు.

స్పెయిన్‌కు చెందిన ఆంద్రెస్ సెగోవియా బాల్యంలో, గిటారు కచేరీ వేదికకు తగదని పెద్దలు భావించేవారు. ఆయన ఇంచుమించు ఒంటరిగా నేర్చి, 1909లో గ్రనడాలో తొలి కచేరీ చేసి, తన జీవితకాలంలో గిటారును ప్రపంచపు గొప్ప సంగీతశాలలలో కూర్చోబెట్టారు. అంతటి విద్వాంసుడు 1953లో శిష్యుల కోసం ప్రచురించినది మేజర్, మైనర్ స్వరావళుల అభ్యాసాలు. స్వరావళుల నిత్యసాధనే చేతిని తీర్చుతుందని ఆయన నమ్మకం.

ఎలిజబెత్ కాటెన్ అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రానికి చెందిన నల్లజాతి బాలిక. ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో గిటారు కొనుక్కున్నది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చి కట్టుకోక, గిటారునే తలకిందులుగా పట్టుకొని వేళ్లతో లావు తీగలనూ, బొటనవేలితో సన్న తీగలనూ మీటే సొంత పద్ధతిని కల్పించుకున్నది. పెళ్లి, సంసారం, చర్చివారి అభ్యంతరాల మధ్య గిటారు మూలపడింది. దశాబ్దాలు గడిచాయి. సంగీతజ్ఞులైన సీగర్ దంపతుల ఇంట పనికి కుదిరిన తరువాత, వారి గిటారును చేతికి తీసుకున్నప్పుడు పాత విద్య తిరిగి వచ్చింది. అరవై ఏళ్లు దాటి తొలి రికార్డు, ఆ వెనుక వేదికలు. 1985లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో గ్రామీ పురస్కారం. మూలపడిన గిటారు మళ్లీ మోగదని ఎవరూ తీర్పు చెప్పరాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

గురువు, తోడు, నిత్యక్రమం

మొదటి మూడు నెలలు గురువు దగ్గర నేర్చుకోవడం ఉత్తమం. చేయి పట్టే తీరులో తప్పు ఒకసారి స్థిరపడితే దిద్దడం కష్టం. తన తప్పు తనకు కనపడదు. గురువు అందుబాటులో లేనివారికి నేడు ఫోనులో దృశ్యపాఠాలకు కొదవలేదు. కొదవ లేకపోవడమే అక్కడి చిక్కు. పదిమంది పాఠాలను పదేసి నిమిషాలు చూసినవాడు పది ఆరంభాలు నేర్చుకుంటాడు. ఒకరి పాఠక్రమాన్ని చివరిదాకా అనుసరించినవాడు గిటారు నేర్చుకుంటాడు. వారానికొకసారి తన వాదనాన్ని రికార్డు చేసుకొని వింటే చెవికి అందని తప్పులు అప్పుడు బయటపడతాయి.

రోజుకు ఇరవై నిమిషాలు కేటాయించగలిగినవారికి ఈ క్రమం చాలు. మూడు నిమిషాలు శ్రుతి చేయడానికి. అయిదు నిమిషాలు ఒక్కొక్క తీగపై నాలుగు వేళ్లను వరుసగా నాలుగు మెట్ల మీద నడిపించడానికి. అయిదు నిమిషాలు ఆ వారపు కార్డ్ మార్పుకు. మిగిలిన ఏడు నిమిషాలు పాటకు. పాటను చివరికి నెట్టరాదు. పాట కోసమే కదా గిటారు ఇంటికి వచ్చింది. మొదటి నెలలో రెండు మూడు కార్డ్‌ల పాట ఒకటి, మూడవ నెల ముగిసేసరికి నాలుగైదు కార్డ్‌ల పాటలు మూడు వస్తే ఆ ప్రగతి మెచ్చదగినది. పాడేవారి గొంతుకు శ్రుతి అందకపోతే దండికి బిగించే కేపో అనే చిన్న పట్టును రెండవ మెట్టు వద్ద పెడితే శ్రుతి రెండు స్వరస్థానాలు పెరుగుతుంది; వేళ్లు నేర్చిన కార్డ్‌లు మారవు.

ఒంటరి సాధనకు తోడువాదన పదును పెడుతుంది. ఇళయరాజా స్వరకర్త కాకమునుపు సలిల్ చౌధురి వాద్యబృందంలో గిటారు వాయించినవారే. ఇతరుల పాటకు తోడు నిలవడం కూడా ఒక పాఠశాల. మేఘాలయలోని షిల్లాంగ్ పట్టణంలో 2007 అక్టోబరు 26న పదిహేడువందల మందికి పైగా ఒకచోట చేరి, బాబ్ డిలాన్ పాటను ఒక్కసారిగా గిటార్లపై వాయించారు. ఆ పాటకు కావలసినవి నాలుగే కార్డ్‌లు: జి, డి, ఏ మైనర్, సి. ఏ ఆరంభకుడైనా మొదటి నెలల్లో నేర్చేవి అవే.

బాగా వాయించడమంటే వేగంగా వాయించడం కాదు. ఒక చిన్న పాటను శ్రుతిలో, తాళంలో, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా, ఇంటివారు తమకు తెలియకుండానే గొంతు కలిపేటట్లు వాయించగలగడం. అంతవరకు చేరడానికి అసాధారణ ప్రతిభ అక్కరలేదు. సరిగా అమరిన వాద్యం, రోజుకు ఇరవై నిమిషాలు, మొదటి కాలంలో నిలకడగా నడిచే ఓర్పు చాలు. గోడమేకుకు వేలాడుతున్న గిటారు ఉన్న ఇంట ఈ సాయంత్రం చేయవలసిన పని కూడా చిన్నదే: కొత్త తీగలు వేయించి, ఎత్తు సరిచేయించి, రెండే వేళ్లతో ఇ మైనర్ పట్టి, ఒక్కొక్క తీగనూ నెమ్మదిగా మీటి వినడం.